4/6 దించిన పాత షెవీ పికప్ ట్రాక్ మీద గంతులేస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?

డాలస్_బండోడు
బండి 1996 షెవర్లే సీ1500. సింగిల్ క్యాబ్, పొట్టి బెడ్, 5.7 వీ8, టూ వీల్ డ్రైవ్. పక్కింటి పెద్దాయన ఊరు మారుతూ అమ్మేస్తుంటే కొన్నాను. ముందు 4 అంగుళాలు, వెనక 6 అంగుళాలు దింపించాను. ముందు 2 అంగుళాల డ్రాప్ స్పిండిల్ (చక్రం ఇరుసు పైకి జరిపి ఉండే ముక్క), దానికి తోడు 2 అంగుళాల పొట్టి స్ప్రింగ్. వెనక ఫ్లిప్ కిట్, అంటే కమాన్ కట్ట కింద ఉండే యాక్సిల్‌ని తీసి కట్ట పైకి ఎక్కించారు. షాక్స్ కూడా కొత్తవే. చక్రాల పైన సందు లేకుండా నేలకి అతుక్కుపోయినట్టుంది, పెట్రోల్ బంక్‌లో ముగ్గురు ఫొటోలు తీసుకున్నారు.

మొన్న శనివారం క్రెస్సన్‌లో మోటర్‌స్పోర్ట్ రాంచ్ 1.7 మైళ్ల ట్రాక్ మీద తిప్పాను. పరువు పోయింది. గట్టిగా బ్రేక్ కొట్టి తిప్పితే ముక్కు తిరగదు, నేరుగా పోతుంది. అదే పొడుగాటి మలుపులో గ్యాస్ ఇస్తే వెనక భాగం ఠక్కున ఓ అడుగు పక్కకి గంతేస్తుంది. జారడం కాదు, గంతే. రెండుసార్లు గుండె నోట్లోకొచ్చింది. హైవే మీద 60 మైళ్లు దాటితే సీటు కింద జుయ్యిమని వణుకు ఒకటి.

దించకముందే నయం అనిపిస్తోంది. ఎక్కడ తప్పు?

మౌనముని
సీ-నాచ్ కొట్టించావా?

డాలస్_బండోడు
లేదు. పని చేసిన షాప్‌వాడు "రోడ్డు మీద తిరగడానికి అక్కర్లేదు" అన్నాడు.

మౌనముని
అదే నీ గంతు.

ఫ్రిస్కో_ఫ్యామిలీమాన్
మౌనముని గారు మూడు మాటల్లో తేల్చేశారు. మాలాంటి వాళ్ల కోసం కాస్త విడమర్చండి సార్, సీ-నాచ్ అంటే ఏంటి? నాకు నాచో తెలుసు.

అట్లాంటా_అక్క
నేను చెప్తా. యాక్సిల్ సరిగ్గా ఫ్రేమ్ పట్టా కింద ఉంటుంది. గుంట వస్తే యాక్సిల్ పైకి లేవాలి, లేవడానికి జాగా కావాలి. 6 అంగుళాలు దించితే ఆ జాగా దాదాపు మొత్తం తినేసినట్టే. అందుకని యాక్సిల్ పైన ఉన్న చోట ఫ్రేమ్‌ని కింద నుంచి అర్ధచంద్రాకారంలో కోసి, బలం పోకుండా మందపాటి ప్లేటు వేసి బిగిస్తారు. అదే సీ-నాచ్.

అది లేకపోతే మలుపులో బరువంతా బయటివైపు వెనక చక్రం మీద పడినప్పుడు యాక్సిల్ వెళ్లి ఫ్రేమ్‌ని కొడుతుంది. ఆ క్షణంలో అక్కడ స్ప్రింగ్ లేనట్టే, ఇనుము మీద ఇనుము. ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటే టైరు పట్టు వదిలేస్తుంది. నీ బండి గంతేస్తున్నది అందుకే బాబూ. జారుడు మెల్లిగా మొదలవుతుంది, చేతికి తెలుస్తుంది. గంతు చెప్పి రాదు.

ముందు కూడా అదే కథ అయ్యుంటుంది. బ్రేక్ కొడితే ముక్కు కిందికి దిగి రబ్బరు స్టాప్ మీద కూర్చుంటుంది, కూర్చున్నాక తిప్పితే ముందు టైర్లు చేతులెత్తేస్తాయి. నా ఎస్10 (షెవీ చిన్న పికప్) తో ఆటోక్రాస్‌లో (కోన్ల మధ్య తిప్పే పోటీ) ఒక సీజనంతా ఇదే బాధ పడ్డాను. నాకు డ్రైవింగ్ రాదేమో అనుకున్నా. మా ఆయన కూడా అదే అనుకున్నాడు, ఆయనకి ఇప్పటికీ క్షమాపణ లేదు.

డాలస్_బండోడు
అక్కా, నిజంగా తగులుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి? నడిపేటప్పుడు కింద చూడలేం కదా.

బే_ఏరియా_బుల్లోడు
సింపుల్ బ్రో. షాక్ రాడ్‌కి ఒక జిప్ టై కట్టి కిందికి నెట్టు. ఒక సెషన్ తిప్పి వచ్చి చూడు, జిప్ టై ఎక్కడిదాకా జరిగిందో అంతవరకూ షాక్ మూసుకున్నట్టు.

డాలస్_బండోడు
వెనక కట్టొచ్చు. ముందు షాక్ కాయిల్ స్ప్రింగ్ లోపల ఉంది, చెయ్యి దూరదు.

అట్లాంటా_అక్క
ముందు రబ్బరు స్టాప్ తగిలే చోట బంకమన్ను ముద్ద పెట్టు. పిల్లలు ఆడుకునే ప్లే-డో అయినా సరే. వెనక ఫ్రేమ్ కింద, యాక్సిల్‌కి ఎదురుగా ఇంకో ముద్ద. ట్రాక్ అక్కర్లేదు, ఇంటి దగ్గర స్పీడ్ బ్రేకర్ల మీద ఓ రౌండ్ చాలు.

డాలస్_బండోడు
మా పాప దగ్గర గులాబీ రంగు ప్లే-డో అప్పు తెచ్చాను. "నాన్నా, ట్రక్కుకి కేక్ చేస్తున్నావా" అంది. వెనక అంగుళంన్నర మందం ముద్దలు పెట్టి మా కాలనీ చుట్టూ తిరిగి, రైల్వే క్రాసింగ్ ఒకటి దాటి వచ్చాను.

వచ్చి చూస్తే కుడివైపు ముద్ద అప్పడం అయిపోయింది. వేలితో గీకితే కింద ఫ్రేమ్ రంగు కనిపిస్తోంది. మధ్యలో యాక్సిల్ గొట్టం వంపు అచ్చు దిగింది. ఎడమవైపు పావు అంగుళం మిగిలింది. ముందు రెండు వైపులా పూర్తిగా చితికిపోయాయి. ఇది కాలనీ రోడ్డు మీద, 35 మైళ్ల స్పీడులో. ట్రాక్ మీద ఏం జరిగిందో ఊహించుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

ఫ్రిస్కో_ఫ్యామిలీమాన్
కేక్ బాగానే ఉడికినట్టుంది.

హూస్టన్_సీ10
అందరూ ఫ్లిప్ కిట్ మీద పడ్డారు కానీ అసలు రోగం కమాన్ కట్ట. నా దగ్గర 1971 సీ10 ఉంది. ఆ కాలపు షెవీ పికప్‌లకి వెనక కాయిల్ స్ప్రింగులు, రెండు పొడుగాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు. వాటినే ట్రక్ ఆర్మ్‌లంటారు. నాస్కార్ కప్ (అమెరికా స్టాక్ కార్ రేసులు) కార్లు 2021 దాకా ఆ డిజైన్‌తోనే పరిగెత్తాయి. 2022లో కొత్త తరం కారు వచ్చాకే వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టారు. అంటే 200 మైళ్ల స్పీడులో తిరిగిన కార్ల కింద ఉన్నది మన పికప్ టెక్నాలజీ. తమ్ముడూ, ఆ కట్టలు పీకేసి ఫోర్ లింక్ (యాక్సిల్‌ని నాలుగు కడ్డీలతో పట్టే ఏర్పాటు), కాయిలోవర్లు (షాక్ చుట్టూ కాయిల్ స్ప్రింగ్ ఉండేవి) వేసుకో. లేదంటే ఎంత చేసినా గుర్రబ్బండే.

బే_ఏరియా_బుల్లోడు
హూస్టన్ అన్నా, నీ సీ10 దించినప్పుడు వెనక యాక్సిల్ ఒక పక్కకి జరిగి, ఓ చక్రం ఫెండర్‌కి రాసుకుందని పోయినేడు ఇక్కడే ఏడ్చావు కదా?

హూస్టన్_సీ10
అది పాన్‌హార్డ్ రాడ్ గురించి, అంటే యాక్సిల్ పక్కకి పోకుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే కడ్డీ. కంపెనీ ఇచ్చిన రాడ్ పొట్టిది, దించితే దాని వంపు మారి యాక్సిల్‌ని పక్కకి నెడుతుంది. అడ్జస్టబుల్ రాడ్ వేశాను, సరిపోయింది. పాత పోస్టులు తవ్వి తీయడం మర్యాద కాదు.

ఆటోనగర్_అబ్బాయి
విజయవాడ నుంచి. మా నాన్నకి కమాన్ కట్టల షాపు. మా దగ్గరికి వచ్చే పికప్ వాళ్లంతా ఇంకో పట్టీ ఎక్కించమంటారు గాని దించమన్నవాడిని ఇంతవరకు చూడలేదు. ఒకటిన్నర టన్ను బండి మీద మూడు టన్నుల మామిడికాయలు వేసేవాళ్లకి మీ బాధ చెప్తే నవ్వుతారు.

కానీ హూస్టన్ అన్న మాటకి ఒప్పుకోను. కట్టలో తప్పేం లేదు. యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పోకుండా, పక్కకి పోకుండా పట్టుకునేదీ అదే, బరువు మోసేదీ అదే. ఒక్క వస్తువు మూడు పనులు. చేతగానిది మెలిక ఆపడం. గ్యాస్ గట్టిగా ఇస్తే యాక్సిల్ తిరగబోతుంది, కట్ట ఎస్ అక్షరంలా మెలితిరుగుతుంది, వదలగానే తిరిగి కొడుతుంది. అలా టపటపా కొట్టుకుంటే చక్రం ఎగురుతుంది. యాక్సిల్‌కి ముందున్న సగంలో పట్టీల్ని క్లాంపులతో గట్టిగా బిగిస్తే అది చాలావరకు తగ్గుతుంది. వెనక సగం వదిలేయాలి, అది ఆడాలి.

ఇంకోటి. ఫ్లిప్ చేసినప్పుడు యూ-బోల్టులు (యాక్సిల్‌ని కట్టకి బిగించేవి) కొత్తవి వేశారా, పాతవే బిగించారా? ఒకసారి సాగిన యూ-బోల్టు మళ్లీ వాడకూడదు. కొత్తవైనా వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. మా నాన్న ఇది చెప్పకుండా ఏ బండినీ షాపు దాటనివ్వడు.

డాలస్_బండోడు
ఇప్పుడే రెంచి పట్టి చూశాను. ఎనిమిది నట్లలో రెండు అర చుట్టు తిరిగాయి. మీ నాన్నగారికి దండం.

మౌనముని
60 మైళ్ల వణుకు: పినియన్ కోణం. కొలువు.

అట్లాంటా_అక్క
మౌనముని చెప్పింది విడమర్చే ఉద్యోగం నాకు పర్మనెంట్ అయినట్టుంది. ఫ్లిప్ చేసినప్పుడు యాక్సిల్‌కి కొత్త సీటు వేస్తారు. అది ఒకటి రెండు డిగ్రీలు తేడాగా కూర్చుంటే డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి తిరుగుడు పంచే గేర్ల డబ్బా) ముక్కు, అదే పినియన్, పైకో కిందికో చూస్తుంది. గేర్‌బాక్స్ వెనక కొస, డిఫరెన్షియల్ ముక్కు దాదాపు సమాంతరంగా ఉంటేనే డ్రైవ్ షాఫ్ట్ రెండు కొసల్లోని యూనివర్సల్ జాయింట్లు ఒకదాని వణుకు ఒకటి కొట్టేసుకుంటాయి. కమాన్ కట్ట బండిలో గ్యాస్ ఇచ్చినప్పుడు ముక్కు పైకి లేస్తుంది కాబట్టి నిలబెట్టినప్పుడు ఒకటి రెండు డిగ్రీలు కిందికి చూసేలా పెడతారు. పది డాలర్ల యాంగిల్ గేజ్ చాలు. తేడా ఉంటే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు షిమ్ (సన్నటి పలక) వేయాలి.

న్యూజెర్సీ_నారాయణ
నాది చిన్న ప్రశ్న. ఇండియన్ స్టోర్ నుంచి నాలుగు బస్తాల సోనా మసూరి, రెండు కేసుల మామిడిపళ్లు వేసుకుని వచ్చినప్పుడు నా పికప్ మలుపుల్లో చాలా బుద్ధిగా ఉంటుంది. ట్రాక్‌కి కూడా బస్తాలు వేసుకుపోతే?

ఫ్రిస్కో_ఫ్యామిలీమాన్
పిట్ లేన్‌లో బిర్యానీ కూడా దొరుకుతుంది.

బే_ఏరియా_బుల్లోడు
నవ్వులాటకి అన్నా ప్రశ్న మంచిదే. ఖాళీ పికప్ బరువులో 60 శాతం దాకా ముందు చక్రాల మీదే ఉంటుంది. వెనక కట్టలేమో అర టన్ను సరుకు మోయడానికి చేసినవి. సరుకు లేకపోతే వెనక మరీ బిరుసు, అందుకే ఖాళీ బండి గతుకుల మీద ఎగురుతుంది, బియ్యం వేస్తే బుద్ధిగా ఉంటుంది. కానీ ట్రాక్ మీద ఆ బరువుని ఆపాలి, తిప్పాలి, రెండిటికీ టైరే కూలి చెల్లించాలి. బరువు వేసే బదులు ఒకటి రెండు పట్టీలు తగ్గించడం నయం. పైగా బెడ్‌లో కట్టని వస్తువు ఉంటే టెక్ ఇన్‌స్పెక్షన్‌లోనే వెనక్కి పంపేస్తారు. అసలు పికప్ అంటేనే రానివ్వని నిర్వాహకులూ ఉన్నారు, బోల్తా పడుతుందని భయం. ముందే ఫోన్ చేసి అడగాలి.

ఇక నా అనుభవం ఒకటి, ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం కాబట్టి అందరూ చదవండి. నా పాత టొయోటా పికప్‌ వెనక యాక్సిల్ నుంచి ఫ్రేమ్ మీదున్న ఒక వాల్వ్‌కి సన్నటి కడ్డీ ఉంటుంది. బెడ్‌లో బరువు పడి బండి కిందికి దిగితే ఆ కడ్డీ వాల్వ్‌ని తిప్పుతుంది, వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి వెళ్తుంది. మంచి ఏర్పాటే. నేను వెనక 3 అంగుళాలు దించాను. వాల్వ్ ఏమనుకుంటుంది? బెడ్ నిండా సరుకుంది అనుకుంటుంది. వానలో రెడ్ లైట్ దగ్గర బ్రేక్ కొడితే వెనక చక్రాలు లాక్ అయ్యి బండి గుండ్రంగా తిరిగి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి ఆగింది. ఎదుటి కారులో ముసలావిడ దండం పెట్టింది. నాకా, దేవుడికా తెలీదు. దించినవాళ్లు ఆ కడ్డీ బ్రాకెట్‌ని కూడా అంతే సర్దుకోవాలి.

డాలస్_బండోడు
వెంటనే కింద దూరి చూశాను. నా దాంట్లో అలాంటి కడ్డీ లేదు. బతికాను.

హూస్టన్_సీ10
సరే, ఫోర్ లింక్ వద్దంటే వద్దు. కానీ వెనక లావు యాంటీ రోల్ బార్ (మలుపులో బండి వాలకుండా పట్టే కడ్డీ) వేసుకో, ముక్కు తిరగట్లేదన్నావు కదా, దెబ్బకి తిరుగుతుంది.

మౌనముని
వద్దు.

అట్లాంటా_అక్క
నేనూ వద్దనే అంటా. వెనక తేలిక బండికి వెనక లావు బార్ వేస్తే మలుపులో లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. లేచిన చక్రం ఉత్తినే తిరుగుతుంది, మలుపు నుంచి బయటికి రాలేవు. ముందు బార్ పెంచు, వెనక వదిలెయ్. వినడానికి తిరకాసుగా ఉంటుంది. కానీ నీ ముక్కు తిరగకపోవడానికి కారణం బార్ కాదు, స్టాప్ మీద కూర్చోవడం.

డాలస్, నీ గ్లవ్‌బాక్స్ స్టిక్కర్‌లో జీ80 అని కోడ్ ఉందా?

డాలస్_బండోడు
ఉంది అక్కా. అదేదో మంచిదని అమ్మిన పెద్దాయన గొప్పగా చెప్పాడు.

అట్లాంటా_అక్క
బురదలో మంచిదే. జీ80 అంటే దానంతటదే లాక్ అయ్యే డిఫరెన్షియల్, రెండు వెనక చక్రాల వేగంలో సుమారు 100 ఆర్‌పీఎం తేడా వచ్చేదాకా మామూలు డిఫరెన్షియల్‌లా ఉంటుంది, వచ్చాక ఠక్కున మొత్తం లాక్ అవుతుంది. మధ్యరకం లేదు. పైగా బండి సుమారు 20 మైళ్ల స్పీడు దాటితే లాక్ కాకుండా ఆపే ఏర్పాటు ఉంది, కాబట్టి ట్రాక్ మీద మలుపు మధ్యలో లోపలి చక్రం తేలితే ఇది ఆదుకోదు. వెనక లావు బార్ వద్దనడానికి ఇది రెండో కారణం. 

పాతకాలం_పరంధామయ్య
ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1980ల చివర్లో అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్లు చిన్న పికప్‌లకి రోడ్ కోర్సుల మీద రేసులు పెట్టారు. రేంజర్లు, కమాంచీలు, నిస్సాన్లు, అన్నీ నేలకి ఆనించి. నాస్కార్ ట్రక్ సిరీస్ 1995లో మొదలైంది, మొదటి ఛాంపియన్ మైక్ స్కిన్నర్, షెవీ మీద. ఆస్టిన్ సర్క్యూట్‌లో ట్రక్కులు 2021 నుంచి 2024 దాకా తిరిగాయి. అయితే అవి పేరుకే ట్రక్కులు, కింద గొట్టాల చాసిస్. ఆస్ట్రేలియావాళ్ల వీ8 యూట్ (కారులాంటి పికప్) రేసులే నాకు ముచ్చట, మన ఇంటి ముందు నిలబడే బండిలాంటిదే తలుపులు రాసుకుంటూ పోయేది.

ఫ్రిస్కో_ఫ్యామిలీమాన్
పరంధామయ్య గారు వచ్చారంటే చర్చ క్లాసు రూమ్ అయినట్టే, కానీ ట్రక్ ఆర్మ్ సంగతి ముందే ఎవరో చెప్పేశారని కొంచెం బాధగా ఉన్నట్టుంది.

పాతకాలం_పరంధామయ్య
కొంచెం కాదు.

బే_ఏరియా_బుల్లోడు
స్ప్రింగ్ కొనేముందు ఒక లెక్క చూసుకో డాలస్. ముందు కాయిల్ చక్రం దగ్గర ఉండదు, కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. ఉదాహరణకి చక్రం 2 అంగుళాలు లేస్తే స్ప్రింగ్ 1 అంగుళమే నలుగుతుందనుకో, నిష్పత్తి సగం. చక్రం దగ్గర బిరుసు సగం కాదు, సగంలో సగం. అంటే 800 పౌండ్ల స్ప్రింగ్ చక్రానికి 200 పౌండ్లే. కాబట్టి పెట్టె మీద పెద్ద అంకె చూసి భయపడొద్దు, మురిసిపోవద్దు.

పొట్టి స్ప్రింగ్‌తో దించడం, డ్రాప్ స్పిండిల్‌తో దించడం కూడా ఒకటి కాదు. స్పిండిల్‌లో చక్రం ఇరుసే 2 అంగుళాలు పైకి అతికించి ఉంటుంది, ఆర్మ్‌లు మొదట ఉన్న కోణంలోనే ఉంటాయి, స్టాప్ దాకా దూరం కూడా తగ్గదు. స్ప్రింగ్‌తో దించితే ఆర్మ్‌లు వాలిపోతాయి, రోల్ సెంటర్ (బండి వాలేటప్పుడు ఇరుసులా ఉండే బిందువు) బండి బరువు కేంద్రం కన్నా ఎక్కువ దిగిపోతుంది. బండి కిందికి దిగినా మలుపులో ఇంకా ఎక్కువ వాలుతుంది. నీకు జరిగింది ఇదే.

డాలస్_బండోడు
అంటే నేను డబ్బులిచ్చి మరీ వాలుడు కొనుక్కున్నానా?

మౌనముని
అవును.

అట్లాంటా_అక్క
2/4 కి రా. ముందు స్పిండిల్ ఉంచు, పొట్టి స్ప్రింగ్ తీసేసి మామూలు ఎత్తులోనే బిరుసైనది వెయ్. వెనక ఫ్లిప్ కిట్ పీకి యాక్సిల్‌ని కట్ట కిందికే పంపు, హ్యాంగర్లు షాకిల్స్ (కట్టని ఫ్రేమ్‌కి తగిలించే ముక్కలు) మార్చి 4 అంగుళాలు దించు. యాక్సిల్ పాత సీట్ల మీద కూర్చుంటుంది కాబట్టి వణుకు దానంతటదే పోవచ్చు. నాచ్ మాత్రం కొట్టించు, 4 కి తప్పనిసరి కాకపోయినా.

డాలస్_బండోడు
అక్కా, చక్రాల పైన మళ్లీ సందు కనిపిస్తుంది కదా...

అట్లాంటా_అక్క
పెట్రోల్ బంక్‌లో ఫొటోలు కావాలా, క్రెస్సన్‌లో మలుపు కావాలా?

హూస్టన్_సీ10
ఫొటోలే. నిజం మాట్లాడుకుందాం.

డాలస్_బండోడు
మూడు వారాలైంది, అప్‌డేట్. 2/4 చేశాను. బోల్టులతో బిగించే నాచ్ కొన్నాను, వెల్డింగ్ నాకు రాదు. ఫ్రేమ్ కోయడానికి గ్రైండర్ పట్టుకుని పది నిమిషాలు ఊరికే నిలబడ్డాను, చేతులు వణికాయి. ఎడమవైపు పట్టా వెంట బ్రేక్ పైపు, ఇంధనం పైపులు ఉన్నాయి, కాస్త ముందు ట్యాంకు. అన్నీ విప్పి పక్కకి కట్టి, తడి దుప్పటి కప్పి, మా ఆవిడని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో నిలబెట్టాను. ఆవిడ ఫోన్‌లో వాళ్ల అమ్మతో మాట్లాడుతూ "ఏం లేదమ్మా, ఈయన ట్రక్కుని కోస్తున్నారు" అంది.

అలైన్‌మెంట్ షాపులో కంపెనీ లెక్క వద్దన్నాను. చక్రాలు పైన లోపలికి ఒకటిన్నర డిగ్రీ వాల్చమంటే వింతగా చూశాడు. స్టీరింగ్ ఐడ్లర్ ఆర్మ్ కూడా లూజుగా ఉందని అక్కడే తేలింది, మార్చాను.

నిన్న క్రెస్సన్ వెళ్లాను. హైవే మీద వణుకు లేదు. ట్రాక్ మీద గంతు లేదు. పొడుగు మలుపులో వెనక మెల్లిగా బయటికి వెళ్తుంది, నేను సర్దుతాను, మళ్లీ వస్తుంది. అంతే. మొదటిసారి నవ్వు వచ్చింది. ప్లే-డో వెనక రెండు వైపులా అర అంగుళం మిగిలింది. ముందు కుడివైపు మాత్రం అచ్చు పడింది, ఇంకొంచెం బిరుసు స్ప్రింగ్ కావాలేమో. ల్యాప్ టైమ్ అడగొద్దు, ఒక ఎర్ర మియాటా (మాజ్దా చిన్న స్పోర్ట్స్ కారు) నన్ను మూడుసార్లు దాటింది.

అట్లాంటా_అక్క
ముందు స్ప్రింగ్ అప్పుడే మార్చకు. బార్ వేశావా?

డాలస్_బండోడు
పెట్టెలో ఉంది.

అట్లాంటా_అక్క
అది వేసి చూడు ముందు. ఒక్కసారి ఒక్కటే మార్చు.

న్యూజెర్సీ_నారాయణ
ఆ ఫ్లిప్ కిట్ ఏం చేశావ్? నా బండికి కావాలి, రేసుకి కాదు, ఫొటోలకి.

డాలస్_బండోడు
గ్యారేజ్‌లో ఉంది. షిప్పింగ్ నీది.

ఆటోనగర్_అబ్బాయి
యూ-బోల్టులు మాత్రం కొత్తవి కొనుక్కో నారాయణ గారూ.